పత్తాలు ముట్టని చెయ్యి

మా ఆయనకు పక్షవాతం వచ్చి ఐదు నెలలు. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దముద్దగ వస్తది. కోదాడల కిరాయింట్ల ఉంటం. ప్రతి సోమవారం బస్సెక్కించి సూర్యాపేట దవాఖానకు తీస్కపోత. ఆడ కసరత్తు చేయించే పిల్ల మొఖం మీదనే చెప్పింది: "అమ్మా, వేళ్లు కదిలిస్తేనే వస్తయి. ఇంకో రెండు నెలలు గిట్లనే వదిలేస్తే ఇగ గింతే."

రబ్బరు బంతి ఇచ్చిన, పక్కకు పెట్టిండు. పెసర్లు పళ్లెంల పోసి ఏరమన్న, మొఖం తిప్పుకున్నడు. మేళ్లచెరువు నుంచి ముప్పై ఏండ్లు సిమెంటు లారీ నడిపిన మనిషిని పెసర్లేరమంటే రోషం రాదా, వస్తది. మరి నాకు? నీళ్లు పోసుడు, బువ్వ తినిపిచ్చుడు, మళ్ల కుట్టుమిషను ముంగట కూసునుడు. ఒళ్లు పచ్చిపుండయింది.

చూసిపోదామని మిర్యాలగూడ నుంచి మా తమ్ముడొచ్చిండు. బడిపంతులు. పిల్లలకు పేక పత్తాలతోని మాయలు చేసి చూపిస్తడు. "బావకు పత్తాలంటే పానం గదక్కా. ఇదొకటి నేర్చుకో. కట్ట కోసేది బావనే, చెయ్యి అదే లేస్తది" అన్నడు.

పొద్దంత కూసోబెట్టి నేర్పిండు. కట్ట అడుగున ఏ పత్తా ఉందో మనం దొంగతనంగ చూసుకోవాలె. ఎదుటి మనిషి ఒక పత్తా తీసి చూసుకొని కట్ట మీద పెట్టాలె. తర్వాత పైసగం ఎత్తి పక్కన పెట్టి, కింది సగం దాని మీద పెట్టాలె. గంతే. మనం చూసిన పత్తా పోయి ఆయన పత్తా మీద కూసుంటది. ఒక్కొక్కటి తిప్పుకుంట పోతే మనది వచ్చినంక వచ్చేది ఆయనది. చెప్పినంత అల్కగ లేదు. అడుగు పత్తా చూసుకుందామని నేను కట్ట వంచితే, "అక్కా, వాడకట్టుకంతా కనపడుతుంది" అని తమ్ముడు ఒకటే నవ్వుడు.

తెల్లారి ఆయన ముంగట కూసొని కట్ట చాపిన. "ఒక్కటి తియ్యి." ఎడమ చేత్తోని కుడిచేతిని పట్టుకొని ఒడిల దాసుకున్నడు. రెండోనాడు అంతే, మూడోనాడు అంతే. ఎనిమిదోనాడు నాకు మండింది. "నీ కోసం పిచ్చిదాన్నయి ఆడుతున్న! ఏం మొండితనమయ్యా నీది? సచ్చిపోతున్న నేను!" అని కట్ట ఆయన మీదికి ఇసిరికొట్టిన.

పత్తాలు తగలకుండ మనిషి ముడుచుకున్నడు. కండ్లల్ల నీళ్లు. ఎడమ చెయ్యి మెల్లగ లేపి నా నెత్తి మీద పెట్టిండు.

అప్పుడు యాదికొచ్చింది. పన్నెండేండ్ల కింద నేరేడుచర్లల మూడు దినాలు పత్తాలాడి ఇంటికొస్తే, ఆయన చెయ్యి గుంజి నా నెత్తి మీద పెట్టుకొని ఒట్టు వేయించుకున్న. మళ్ల పత్తా ముడితే నేను సచ్చినట్టేనని. ఆ ముచ్చటే నేను మర్చిపోయిన. ఆయన మాత్రం చెయ్యి రాకున్నా సరే, నేను బతకాలని దాసుకుంటుండు. అయ్యో, ఎన్ని తిట్లు తిట్టిన!

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. నాకేం కాదు, ముట్టు" అన్న. నమ్మలే. మూడుసార్లు చెప్పించుకున్నడు.

పత్తాలేరి కట్ట చేసి, వంచి అడుగున చూసుకున్న. ఎడమ చేత్తోని ఒకటి తీసి పైన పెట్టిండు. కుడి చెయ్యి వణుక్కుంట వచ్చింది. రెండు వేళ్లు, బొటనవేలు. నాలుగైదు పత్తాలు లేచినయి, అంతే. మిగిలిన కట్ట నేనే మీద పెట్టి తిప్పుడు షురువు చేసిన. సగం తిప్పినంక చూసుకుంటే, ఏడుపుల నేను చూసిన పత్తా ఏదో మర్చిపోయిన. ఏం చేయాలె? తిప్పుకుంటనే పోయిన.

ఇగ నాలుగైదు మిగిలినయనంగ ఆయన కుడి చెయ్యి వచ్చి నా చేతి మీద పడ్డది.

"కలావర్ రాణి... నీది" అన్నడు, ముద్దముద్దగ. "తర్వాతది... నాది. తిప్పు."