ఆపరేటరమ్మ, ఆవిడ తమ్ముడి కారు

ఆవిడకు ఉద్యోగం పోయింది గానీ పేరు పోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరిన నాటి నుంచి ఆపరేటరమ్మే. మనుషుల అవసరం లేని యంత్రాలు వచ్చి, కుర్చీలు ఖాళీ చేయించాక కూడా ఆపరేటరమ్మే. తీగకు అవతల మనిషి ఊపిరి తీసుకున్న తీరును బట్టి కబురు మంచిదో చెడ్డదో చెప్పేయగల చెవులు ఆవిడవి. ఇంటిపట్టున ఉండేసరికి ఆ చెవులకు పనిలేకుండా పోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడ భర్త చెవులు మొరాయించాయి.

భర్త డీజిల్ మెకానిక్. ఇంటిని ఆనుకునే షెడ్డు. జీవితమంతా ఇంజన్ల మధ్య గడిపినందుకు ఆయనకు దక్కిన బహుమానం చెవుడు. ఎదురుగా నిలబడి ముఖం చూస్తూ చెబితే మనిషి మాట అందుతుంది. ఇంజను మాట అందదు. వినికిడి యంత్రం ఉంది. కానీ అది పెట్టుకుంటే స్పానరు కింద పడ్డా పిడుగు పడ్డట్టు ఉంటుందని దాన్ని జేబులో వేసుకుని తిరిగేవాడు. జేబుకు బాగా వినపడేది.

అందుకని ఆవిడ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. బండి వస్తే విని, విన్నది విన్నట్టు నోటితో చేసి చూపించేది. ఆయన ఆవిడ పెదాలు చూస్తూ, తన భుజం మీద ఆవిడ వేళ్లు వేసే దరువు పట్టుకుని రోగం తేల్చేవాడు. జరీ అంచు చీర కట్టుకున్న పెద్దావిడ నిలబడి ‘గర్ర్ గర్ర్ టక్’ అంటుంటే కొత్తగా వచ్చినవాళ్లు ముందు బండి వైపు, తర్వాత ఆవిడ వైపు, చివరికి తమ చెప్పుల వైపు చూసేవాళ్లు. బండి బాగయ్యాక ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

ఆవిడకు ఒక్కడే తమ్ముడు. కళ్లద్దాల కొట్టు నడుపుతాడు. తల్లి పోయాక ఆమె కుట్టుమిషన్ని అక్కతో మాటమాత్రమైనా అనకుండా పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. అప్పటి నుంచి ఆవిడ వాడితో మాట్లాడటం మానేసింది. రాకపోకలు మానలేదు, మాటలే మానేసింది. వాడు భోజనానికి వస్తే వడ్డిస్తూ, “ఇంకాస్త వేసుకోమనండి,” అని భర్తతో చెప్పేది. ఆయన వేసుకునేవాడు.

ఈ తమ్ముడి డీజిల్ కారుకు ఒక రోగం పట్టుకుంది. పొద్దున్నే ఎంతసేపు తిప్పినా ఓ పట్టాన స్టార్టు కాదు. ఒకసారి అయిందంటే ఇక రోజంతా తాళం తగిలితే చాలు లేస్తుంది. వాడు బ్యాటరీ మార్పించాడు. చల్లటి ఇంజనును వేడెక్కించే హీటరు ప్లగ్గులు మార్పించాడు. కారు మాత్రం పద్ధతి మార్చుకోలేదు. షెడ్డుకు తెస్తే ఇంజను అప్పటికే వేడెక్కి ఉంటుంది కాబట్టి, ఒక్క దెబ్బకు లేచి కూర్చునేది.

“నీ ముందు నటిస్తోంది బావా,” అన్నాడు తమ్ముడు.

“అది పడుకున్న చోటే చూడాలి. మీ అక్కను కూడా తీసుకొస్తాను. చెవులు ఆవిడ దగ్గరున్నాయి.”

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వెళ్లారు. తమ్ముడి ఇంటి ముందు వీధి ఏటవాలుగా ఉంటుంది. కారు ముందు భాగం పైకెత్తి నిలబడి ఉంది. మరదలు కాఫీ తెచ్చింది.

“అక్క తాగుతుందేమో అడుగు బావా,” అన్నాడు తమ్ముడు.

“వచ్చింది కాఫీలకు కాదని చెప్పండి.”

మధ్యలో ఉన్న ఆయన అటూ ఇటూ చూశాడు. “నాకు చక్కెర తక్కువ,” అన్నాడు.

తమ్ముడు లోపల కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. ఆవిడ కళ్లు మూసుకుని విని, భర్త భుజం మీద గబగబా దరువు వేసింది. “గిర్ర్ గిర్ర్ గిర్ర్... అంతే. ఎక్కడా అందుకోవడం లేదు.”

“ఈడుస్తోందా?”

“లేదండీ, హుషారుగానే తిరుగుతోంది.”

“అయితే బ్యాటరీకేం లేదు. పొగ?”

ఆవిడ వెనక్కి వెళ్లి సైలెన్సరు దగ్గర వంగి చూసొచ్చింది. “పొగ జాడే లేదు.”

తెల్లపొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ మండటం లేదని అర్థం. పొగే లేదంటే చేరడమే లేదని. “పొయ్యిలో కట్టెలు లేవు. వీడేమో అగ్గిపెట్టెలు మారుస్తున్నాడు,” అన్నాడు ఆయన.

ఫిల్టరు మీదున్న చేతిపంపు నొక్కాడు. మెత్తగా దిగిపోయింది. గట్టిపడేదాకా నొక్కి సెల్ఫ్ కొట్టమంటే కారు వెంటనే లేచింది. తమ్ముడు సంబరపడిపోయాడు. ఆయన పడలేదు. ఇంజను ఆపించాడు. రాత్రంతా ఏటవాలులో నిలబడేసరికి పైపులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. అలా జారాలంటే ఎక్కడో గాలి దూరాలి. ఆ సందు దొరకాలి.

మళ్లీ పంపు నొక్కుతూ, “విను,” అన్నాడు. ఆవిడ ఇంజను మీదికి వంగింది. మరదలి చేతిలో కప్పులు గలగలమంటే చెయ్యెత్తి ఆపింది.

“సన్నగా సుయ్‌మంటోంది. ఫిల్టరు పక్కన.”

ఆయన చెయ్యి లోపలికి పోనిచ్చి పైపు తడిమాడు. “ఇక్కడా?”

“ఆఁ, అక్కడే. గాలి కొట్టుకొస్తోంది.”

పైకెత్తిన బానెట్ అడ్డంగా ఉండటంతో లోపలున్న తమ్ముడికి ఏమీ కనపడలేదు. వినపడింది ‘కొట్టు’ అన్నంత వరకే. కొట్టాడు. ఇంజను భగ్గున లేచింది. భర్తకు అది వినపడలేదు. చొక్కా చెయ్యి ఇంజను బెల్టుకు చిక్కి లాగేస్తుంటే అప్పుడు తెలిసింది.

“ఒరేయ్, ఆపరా!”

ఆవిడ వేసిన ఆ కేకకు వీధి చివరి కిటికీ కూడా తెరుచుకుంది. తమ్ముడు ఆపేశాడు. చొక్కా మోచేతి దాకా చిరిగింది, చేతికి గీత కూడా పడలేదు. ఆవిడ ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని వేళ్లన్నీ ఒక్కొక్కటే కదిపించింది.

తమ్ముడు దిగి వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. “నాతో మాట్లాడావా?” అన్నాడు.

“కారుతో.”

“కారును ఒరేయ్ అంటావా?”

“మొండికేస్తే ఎవర్నైనా అంటాను.”

క్లిప్పు కింద పైపు చివర చిట్లి ఉంది. ఆయన ఆ ముక్క కోసేసి, కొత్త క్లిప్పు బిగించాడు. ఆవిడ గోడ మీద కూర్చుని, చల్లారిపోయిన కాఫీ తాగింది. తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“మిషన్ సంగతి... తప్పేనే అక్కా.”

“తప్పే,” అంది ఆవిడ. ఆ విషయాన్ని ఇద్దరూ అంతకు మించి పొడిగించలేదు.

మర్నాటి నుంచి కారు పిలిస్తే పలికింది. అయినా వారం వారం వాడు దాన్ని షెడ్డుకు తెచ్చి, “ఏదో చప్పుడు వస్తోందక్కా,” అనేవాడు. ఆవిడ విని ఏమీ లేదనేది. వాడు వెళ్లేవాడు కాదు. కొట్టు తెరిచే వేళ దాటినా కబుర్లు చెబుతూ కూర్చునేవాడు.

ఒకరోజు ఏదో బండి కింద నుంచి తల బయటపెట్టి, “ఏమంటోంది ఇంజను?” అని ఆయన అడిగాడు.

“ఇంజనేమీ అనట్లేదండీ. మీ బావమరిదే ఆపడం లేదు.”

ఆయనకు అందలేదు. అందినట్టు తలూపి స్పానరు కోసం చెయ్యి చాచాడు. తమ్ముడు లేచి అందించాడు, తప్పు సైజుది.