ఊడిపోయిన చీటీలు

చార్మినార్ దగ్గర బస్సెక్కిన పెద్దాయన నా పక్కన కూలబడి, అడగకుండానే నా ఒడిలో శంఖం, చెక్క మొహం, నిప్పుకోడి గుడ్డు పెట్టాడు. దేశదేశాల వింతవస్తువులు పోగేస్తాడట.

"ఏంది బాపూ, నా ఒడి ఏమన్న అల్మారానా?"

"వీటి పేర్ల చీటీలన్ని ఊడినయమ్మా. కండ్లద్దాలు ఇంట్ల మర్చిన. నువ్వు చదువు, నేను అంటిస్త."

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. పరాయివాళ్ల ముందు ఎన్నడూ చదవలేదు. ఇప్పుడు బస్సంతా వింటోంది. విసుక్కుంటూనే ఒక చీటీ అందుకున్నాను.

"చె... చెక్క... మొహం. ఆ... ఆఫ్రికా."

"నిమ్మలంగ చదువమ్మా. మొహం ఏడికి పోతది?" అంటూ తడిమి అంటించాడు.

చివరి చీటీ అయ్యేసరికి నేను దిగాల్సిన లాల్‌దర్వాజా దాటిపోయింది. ఆయన్ని తిట్టుకుంటూ వెనక్కి నడిచాను, దారిలోని ప్రతి దుకాణం బోర్డూ పైకి చదువుతూ.