ఎఫెక్ట్స్ ఆన్ అయిన మధ్యాహ్నం

టెక్కలిలో మా డీటీపీ షాపులో కంప్యూటర్ ఒకటే గానీ మానిటర్లు రెండు. ఒకటి బావ ముందు, రెండోది బల్లకి అవతల, వచ్చినవాళ్ళ వైపు తిప్పి. పెళ్ళికార్డో పెద్దకర్మ కార్డో వేయించుకోడానికి వచ్చినవాళ్ళని మేం పార్టీ అంటాం. పార్టీ కుర్చీలో దర్జాగా కూర్చుని, తన కార్డు ఎలా తయారవుతోందో ఆ రెండో మానిటర్‌లో చూసుకుంటుంది. చుట్టుపక్కల ఏ షాపులోనూ ఈ సదుపాయం లేదని బావ గొప్పలు పోయేవాడు. అసలు సంగతి అది కాదు. ఎవరూ వచ్చి తన వెనక నిలబడకూడదు. తనకి చూపు తగ్గిపోతోందని ఎవరికీ తెలియకూడదు.

బావ అంటే నా భర్తే, మా అమ్మ అన్నయ్య కొడుకు. మాది భావనపాడు, సముద్రం మీద బతికే కుటుంబాలు. మా ఇంటి మగవాళ్ళలో రేచీకటి ఉంది. మా మావకీ ఉండేది. దాన్ని మావాళ్ళు జబ్బు అనుకోలేదు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి ఉన్నట్టు అదొకటి అనుకున్నారు. పొద్దుగూకాక ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించేవారు, అంతే. కానీ చేపల వేటకి తెల్లారకముందే పడవ నెట్టాలి, చీకట్లో వల విప్పాలి. "ఈడు సముద్రం మీదికి పనికిరాడు, లైటు కింద సేసే పనేదైనా నేర్పించాల" అని మావే బావని కంప్యూటర్ కోర్సులో చేర్పించాడు.

రేచీకటి ఉందని తెలిసే నేను చేసుకున్నాను. రాత్రిళ్ళే కదా అనుకున్నాను. పగటి చూపు కూడా పోతుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్ళకి మాత్రం ఏం తెలుసు! మావ పెద్దయ్యాక పగలు కూడా తడుముకుంటూ తిరిగితే, వయసైపోయింది అనుకున్నాం. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద అంటే చెప్పలేను.

మొదట పోయింది మౌస్ బాణం. తెర మీద అదెక్కడుందో కనిపించక బావ మౌస్‌ని బల్లమీద గిరగిరా తిప్పేవాడు. నేను పిండి రుబ్బుతున్నావా అని ఎగతాళి చేసేదాన్ని. తర్వాత పార్టీ పక్కనించి కాగితం అందిస్తే చూసేవాడు కాదు. ఆ చెయ్యి గాలిలో అలా ఉండిపోయేది. నేను లేచి అందుకుని, "ఆయన పనిలో పడితే అంతేనండి" అని నవ్వేదాన్ని. ఆ నవ్వు నాకు బాగా అలవాటైపోయింది. ఒకసారి ముహూర్తంలో ఒక అంకె మారిపోయింది. అదృష్టం, పార్టీయే రెండో మానిటర్‌లో చూసి పట్టుకున్నాడు. "అందుకే కదా బాబూ మీవైపు ఒకటెట్టింది, మీరే సూసుకోండి" అన్నాడు బావ తడుముకోకుండా. ఆ సాయంత్రం మాత్రం అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు.

విశాఖలో కంటి డాక్టర్ చాలాసేపు పరీక్ష చేసి చెప్పింది. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోందట. గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య మాత్రమే మిగులుతుందట. మందు లేదట. ఆ చివరి మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. తిరిగొచ్చేటప్పుడు రైల్లో నేను కట్టుకున్న లెక్క ఒక్కటే: కనిపించకపోతే అక్షరాలు పెద్దవి చెయ్యాలి. దానికి మందెందుకు, కంప్యూటర్ చాలు.

మా కంప్యూటర్ ముసలిది. దాంట్లో విండోస్‌కి బదులు లినక్స్ ఉంది, పాత మిషన్‌కి అదే తేలికని ఎవరో వేసిచ్చారు. బావ ఇన్నేళ్ళు చేసిన డిజైన్లన్నీ దాంట్లోనే సరిగ్గా తెరుచుకుంటాయి, వేరేదాంట్లో అక్షరాలు చెదిరిపోతాయి. తెర మొత్తాన్ని భూతద్దంలో చూసినట్టు పెద్దది చేసే ఏర్పాటు అందులో ఉంది. కాకపోతే అది డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్‌లో ఒక భాగం. తెర మీద తెరుచుకునే కిటికీలు ఊగడం, వాటికి నీడలు పడడం లాంటి సోకులన్నీ ఎక్కడున్నాయో ఇదీ అక్కడే ఉంది. ఎఫెక్ట్స్ ఆన్ అయితేనే భూతద్దం. నేను టిక్కు పెట్టాను. తెర ఒక్కసారి మిణుక్కుమని, ఎఫెక్ట్స్ ఆన్ చేయలేకపోయామని ఒక ముక్క చెప్పి, నా టిక్కు అదే తీసేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీసేసింది. మా అత్తకి కూడా అంత మొండితనం లేదు.

ఇక దానితో నా యుద్ధం మొదలైంది. పార్టీ లేని వేళల్లో ఇంటర్నెట్‌లో జనం రాసుకున్న సలహాలు వెతికి చదివేదాన్ని. తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ చిప్ పేరు కనుక్కోమన్నారు, కనుక్కున్నాను. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం మార్చమన్నారు, మార్చాను. తెర నల్లగా అయిపోయి మర్నాటిదాకా లేవలేదు. మా చిప్ పాతదని, నమ్మలేని చిప్‌ల జాబితాలో దాన్ని కూడా చేర్చేశారని, ఎఫెక్ట్స్ పెట్టేముందు మిషన్ ఆ జాబితా చూసుకుంటుందని తెలిసింది. ఆ తనిఖీని దాటించే దారి పట్టుకుని అదీ చేశాను. ఈసారి తెర తెల్లగా సున్నం కొట్టినట్టు అయిపోయింది. "ఒసే, ఉన్నదాన్ని కూడా సంపెయ్యకే" అన్నాడు బావ. "నీ పని సూసుకో బావా, నాకూ దీనికీ మధ్య రాకు" అన్నాను. నాకు ఆ పట్టుదల అవసరమైంది. చిప్‌ని తిడుతున్నంతసేపూ డాక్టర్ మాట గుర్తురాదు.

చివరికి ఇంటర్నెట్‌లోనే ఒకాయన అడిగాడు: మీకు రెండు మానిటర్లు ఉన్నాయా? ఉన్నాయన్నాను. అయితే అదే, అన్నాడు. ఆ కాలం చిప్‌లు ఒక హద్దు దాటిన వెడల్పుకి ఎఫెక్ట్స్ గీయలేవు. రెండు తెరలూ పక్కపక్కన కలిస్తే ఆ హద్దు దాటిపోతుంది. ఒకటి పీకెయ్యండి, అన్నాడు.

బావకి చెప్పాను. వింటూనే చెయ్యి అడ్డం పెట్టేశాడు.

"అది తీస్తే ఆలొచ్చి నా ఎనకాల నిలబడతారే. అంతంత అచ్చరాలు సూసి ఏటనుకుంతారు? గుడ్డోడిసేత పెళ్ళికార్డు ఎవుడేయించుకుంతాడు?"

గుడ్డి అనే మాట మా ఇంట్లో పడడం అదే మొదటిసారి. అదీ ఎవరో అంటారని అన్నాడు గానీ తనకి తాను అనుకోలేదు. నేను వాదించలేదు. మర్నాడు మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు, బల్ల కిందకి దూరి పార్టీ వైపు మానిటర్ వైరు పీకేశాను. మళ్ళీ టిక్కు పెట్టాను. ఈసారి టిక్కు నిలబడింది. కిటికీని పట్టి లాగితే తాటిముంజెలా ఊగింది. మీట నొక్కి మౌస్ చక్రం తిప్పితే తెర మొత్తం పొంగుతూ వచ్చింది. ఒక్కొక్క అక్షరం నా అరచెయ్యంత.

"బావా!" అని అరిచాను. నాకు ఏడుపొచ్చేసింది. "రా, కూకో, సూడు."

కూర్చున్నాడు. వైరు పీకానని కోప్పడలేదు. తెర వైపు చూశాడు. తల కొంచెం అటు తిప్పాడు, కొంచెం ఇటు. చూస్తున్నాడు, చూస్తున్నాడు.

"ఏటి, అవుపడతన్నాదా?"

"సిన్నది సెయ్యే."

తగ్గించాను.

"ఇంకా."

తగ్గిస్తూ తగ్గిస్తూ మొదటికే వచ్చేశాను. "పెద్దవైతే మంచిది కాదా బావా?" అన్నాను.

"పెద్దదైతే ఒక్క అచ్చరమే పడతాదే నాకు. దాని పక్కనేటున్నాదో తెలీదు. తల తిప్పి రెండోది సూసేసరికి మొదటిది మర్సిపోతన్నాను."

"మరి ఇప్పుడో, సిన్నగా ఉంటే?"

"ఉన్నాయని తెలస్తన్నాది. ఏటున్నాయో తెలట్నేదు."

అప్పుడు వినిపించింది నాకు డాక్టర్ చెప్పిన మాట మొత్తం. గొట్టంలోంచి చూసేవాడి ముందు బొమ్మ పెద్దదయ్యేకొద్దీ గొట్టంలో పట్టేది తగ్గిపోతుంది. ఇంత చిన్న విషయం. చిప్ హద్దు తెలుసుకోవడానికి అన్ని రోజులు తలకాయ బద్దలు కొట్టుకున్నదాన్ని, ఆయన కంటి హద్దు ఎంతో ఒక్కసారి అడగలేదు. బావ నా తల మీద చెయ్యి వేయబోయాడు. చెయ్యి భుజం మీద పడింది. అక్కడే ఉంచేశాడు.

మర్నాటి నుంచి మిషన్ ముందు నేను కూర్చోవడం మొదలుపెట్టాను. బావ పక్కన స్టూలు వేసుకుని, ఏ మీట నొక్కాలో, అంచు ఎంత వదలాలో నోటితో చెప్పేవాడు. తెర చూడకుండానే అన్నీ చెప్పగలిగేవాడు.

ఒకరోజు చిన్న కూతురి పెళ్ళికార్డు కోసం మొగుడూ పెళ్ళాలు వచ్చారు. పెద్ద కూతురి కార్డూ బావే చేశాడట. నేను మిషన్ ముందు ఉండడం చూసి ఆయన అడిగాడు: "ఈ పాలి బాబు కూకోడేటి? పెద్దదానికి బాగా సేసినాడు."

నా పాత నవ్వు నోటిదాకా వచ్చింది. ఏదో ఒక అబద్ధం చెప్పబోయాను. ఈలోగా బావ అన్నాడు:

"నాకు కళ్ళు కనబడవు బాబూ."

ఆ మాట బావ అప్పటిదాకా నాతో కూడా అనలేదు. గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం ఎదురుగా ఉన్న తెర మీదే ఉన్నాయి.

"అయినా మీకేటీ భయం నేదు. మా ఇంటిది సదువుతాది, నాను పక్కనుండి సేయిస్తాను. పెద్దమ్మాయి కార్డు నాకింకా గేపకమే. బంగారు అంచు, పైన ఇనాయకుడు. అలాటిదే సేద్దారి, కాగితం ఇంకా మంచిదేద్దారి..."

ఆడమనిషి మొగుడి మోచెయ్యి తాకింది. బల్ల చివర పెట్టిన వివరాల కాగితాన్ని ఆయన మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నావైపు చూసి, ఏమనుకోకమ్మా అన్నట్టు చేతులు జోడించాడు. చెప్పులు చప్పుడు కాకుండా ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

బావ ఇంకా చెబుతూనే ఉన్నాడు, కాగితం రకాల గురించి, రంగుల గురించి, కార్డులు ఎప్పటికి అందిస్తామో. నేను ఆపలేదు. చెప్పడం అయిపోయాక, "ఏటంతారు బాబూ?" అని అడిగాడు.