తలుపు మీద నా ఎం.ఏ.

మా చిన్నప్పుడు... పురానాపూల్ దగ్గర మా గల్లీలో తలుపు తలుపుకీ ఓ రేకు బోర్డు ఉండేది. ఎదురింటి మౌల్వీ సాబ్ పేరు తర్వాత 'ఫాజిల్', మూలింటి పంతులుగారి పేరు తర్వాత 'విద్వాన్', పక్కింటి వకీలు సాబ్‌కైతే 'బి.ఏ., ఎల్‌ఎల్.బి.' ఉత్త పేరుతో ఉన్నది మా బాపు బోర్డు ఒక్కటే. బస్సు డిపోలో మెకానిక్కు... పేరు తర్వాత ఏం రాయిస్తాడు?

ఆ నామోషీ ఆయన్ని మస్తు కొరికేది. ఒక ఆదివారం బోర్డులు రాసే గౌస్ భాయ్‌ని వెంటబెట్టుకొచ్చి, తన పేరు కింద నా పేరు రాయించాడు. 'కుమారి సులోచన, ఎం.ఏ., గోల్డ్ మెడలిస్ట్' అని. అప్పటికి నాది ఐదో తరగతి!

"బిడ్డ ఇంకా బడికే పోతున్నది గద భాయ్?" అని గౌస్ భాయ్ కుంచె ఆపాడు.

"సదువుతది తియ్యి. అప్పుడు మళ్ల నిన్నేడ దేవులాడాలె?" అన్నాడు బాపు.

మొదట్లో నేనూ మురిసిపోయాను... నాలుగు రోజులే. తర్వాత గచ్చకాయలు ఆడుకుందామని అరుగు దిగితే చాలు, "ఏందే, గోల్డ్ మెడలిస్టు గిట్ల మట్టిల కూసుంటదా?" అని అమ్మలక్కల నవ్వులు. వాళ్ళది వేళాకోళం, పోనీ అనుకోవచ్చు. మౌల్వీ సాబ్ మాత్రం నిజంగానే సలాం చేసేవారు. అంత పెద్ద మనిషి, చదువుకు చేసే సలాం... నాకేమో ఎక్కాలే సరిగా రావు. ఆయన కనబడితే సిగ్గుతో గోడ పక్కకు నక్కేదాన్ని.

బడికి వెళ్ళాలన్నా, ఇంటికి రావాలన్నా ఆ అక్షరాల ముందు నుంచే. సొంతింటి తలుపే నాకు జైలు తలుపు అయింది.

పదో తరగతి రిజల్టు పేపర్లో నా నంబరు లేదు. లెక్కలు ముంచాయి. ఏడ్చుకుంటూ గౌస్ భాయ్ దగ్గరికి ఉరికాను.

"భాయ్, ఆ ఎం.ఏ. తుడిచెయ్యవా... నీకు పుణ్యముంటది."

ఆయన నా తల నిమిరాడు. "రాయించింది మీ బాపు, బేటీ. ఆయన్నే చెప్పమను."

బాపుతో ఆ మాట అనే ధైర్యం నాకెక్కడిది?

ప్రతి ఆదివారం బాపు తడిగుడ్డతో బోర్డు తుడిచేవాడు. ఆ ఆదివారం నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. తన పేరు తుడిచాడు. నా పేరు తుడిచాడు... అక్కడితో ఆపి గుడ్డ పిండేశాడు. అంతకంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

ఆ తర్వాత ఎప్పుడూ అంతవరకే తుడిచాడు. దుమ్ము పట్టి ఎం.ఏ. మసకబారింది గానీ పోలేదు. లెక్కలు మళ్ళీ రాసి గట్టెక్కాను, టైపు నేర్చుకుని ఆఫీసులో చేరాను, రిటైరూ అయ్యాను. మౌల్వీ సాబ్ చివరిదాకా నాకు సలాం మానలేదు.

ఇప్పుడా గల్లీలో బోర్డులు లేవు. అన్నీ ఇంటి నంబర్లే... పీడా పోయింది అనుకున్నాను. మొన్న మనవడి మొదటి పుట్టినరోజుకు చుట్టాలెవరో చొక్కా తెచ్చారు. ఛాతీ మీద 'కాబోయే డాక్టర్' అని పెద్దపెద్ద అక్షరాలు. వాడికింకా నడకే రాలేదు! అందరూ ఒకటే చప్పట్లు.

నేను ఆ చొక్కా తిరగేసి తొడిగాను.

మరి మీ ఇంట్లో మీ పేరు పక్కన ఏం రాసిపెట్టారు? చెరిగిందా... ఇంకా కనబడుతోందా?