ఇంకో బిందె నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఊరికి పిల్లనివ్వాలంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వెనకాడేవాళ్ళు. మావాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, బిందెలు మోసి మోసి పిల్ల నడుం పడిపోతుందని. మాచర్ల దగ్గర దుర్గికి అవతల, గజం తవ్వితే నాపరాయి తగిలే ఊరు మాది. సాగర్ కాలవ అప్పటికింకా మా వైపు రాలేదు. రోహిణికార్తె వచ్చేసరికి బావులన్నీ ఎండిపోయి, ఊరి నడుమ ఉన్న మంచినీళ్ళ బావిలో మాత్రం రాత్రంతా కాస్త ఊట ఊరేది. తెల్లవారి ఆ కాసిని నీళ్ళ కోసం తలలు పగలగొట్టుకున్న ఏళ్ళు కూడా ఉన్నాయట. తర్వాత నేను నరసరావుపేటలో బడిపిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రాజ్యాంగం పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కానీ అది దేనికో, ఎలా ఉండాలో నాకు తెలిసింది ఆ బావి దగ్గరే, మా తాతయ్య వల్ల. అది తెలిసిన ఎండాకాలమే మా నాయనమ్మ పోయింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరి చివర పల్లెలో ఉన్న బావి మాఘమాసానికే అడుగంటింది. పల్లెవాళ్ళు మా బావి చేద ముట్టుకోకూడదనే రోజులవి. మా తాతయ్య ఊళ్ళో పెద్దమనిషి. బావిలో ఇంకా నీళ్ళుండగానే ఆయన ఊరినీ పల్లెనీ కలిపి, ఇంటికొక మనిషి చొప్పున బావిగట్టు దగ్గరకు పిలిచాడు. ఇంత తొందరేముందని ఎవరో అంటే, "గొంతు తడిగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాల్రా. ఎండినాక మాట్లాడుకుంటే గొడ్డళ్ళొస్తయ్" అన్నాడు. ఆ రోజు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పెద్ద ఇల్లయినా గుడిసె అయినా ఇంటికి రెండు బిందెలు. ఊరికీ పల్లెకీ ఒకటే వరస, ఒకటే చేద. ఇంటింటి గుర్తూ చెక్కిన నాపరాయి ముక్కలు ఒక కుండలో వేసి, రోజూ పొద్దున్నే చిన్నపిల్ల చేత తీయించాలి. ముక్క వచ్చిన వరసలోనే నీళ్ళు. చాలా పొద్దులు ఆ కుండలో చెయ్యి పెట్టింది నేనే.

మా ఊళ్ళో ఒక మోతుబరి ఉండేవాడు. గొడ్లచావడినిండా గేదెలు, ఇంటినిండా జీతగాళ్ళు. నాకూ ఆ గుడిసోడికీ ఒకటేనా అని ఆయన లేచి నిలబడ్డాడు. "దాహం ఒకటే గదరా. నీకెంతో నాకూ అంతే. నేనొక చుక్క ఎక్కువ ముట్టిన రోజు నువ్వు బావి మొత్తం తోడుకో" అన్నాడు తాతయ్య. ఆ మాట గుర్తుపెట్టుకుంటానని మోతుబరి కూర్చున్నాడు. ఆ మర్నాటి నుంచి ఆయన జీతగాడొకడు రోజూ బావిగట్టున నిలబడి మా ఇంటి బిందెలనే చూస్తుండేవాడు.

రోహిణి ఎండల్లో నాయనమ్మకు జ్వరం తగిలింది. చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుండేది. మాచర్ల నుంచి వచ్చిన డాక్టరు మందిచ్చి, ఒళ్ళంతా తడిగుడ్డతో తుడుస్తూనే ఉండండి, అది ముఖ్యం అని చెప్పి వెళ్ళాడు. చెప్పడం తేలికే. రెండు బిందెల నీళ్ళలో ఇంటిల్లిపాదికీ వంటా తాగటమూ గడవాలి. తాతయ్య తన వంతు నీళ్ళు తాగడం మానేసి గుడ్డ తడపడానికి ఇచ్చేశాడు. పెదవులు పగిలి నెత్తురు కనిపించేది. అయినా ఆ గుడ్డ ఇలా వేస్తే అలా ఆరిపోయేది. నాయనమ్మ మగతలో ఉండి, "ఏమయ్యా, నా నెత్తిన ఒక్క బిందె పోయించవా" అని అడుగుతూ ఉండేది. ఆమె ఎప్పుడూ ఆయన్ను ఏదీ అడిగిన మనిషి కాదు.

మామగారి ముందు గొంతెత్తి ఎరగని మా అమ్మ ఒక సాయంత్రం ఆయన ఎదుటికెళ్ళి నిలబడింది.

"ఒక్క బిందె, మావయ్యా. మీరడిగితే ఊళ్ళో ఎవరు కాదంటారు?"

"కాదనరనే గదమ్మా నా భయం."

మర్నాడు నేనూ తాతయ్యతో బావికి వెళ్ళాను. పల్లె నుంచి వచ్చిన ఒక బాలింత, ఒళ్ళో పసిదాన్ని పెట్టుకుని వరసలో కూర్చుని ఉంది. మా ఇంటి సంగతి విన్నదేమో, తన వంతు రాగానే నిండు బిందె తెచ్చి తాతయ్య కాళ్ళ దగ్గర పెట్టింది. "అమ్మగారికి పొయ్యండయ్యా. మాకు ఒకటి చాల్లే" అంది. తాతయ్య చాలాసేపు ఆ నీళ్ళనే చూశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని లాగాను, తీసుకోమని. "ఇయ్యాల నువ్వు ప్రేమతో ఇస్తన్నావు తల్లీ. నేను తీసుకుంటే రేపు ఇంకోడు కళ్ళెర్రజేసి అడుగుతాడు, అప్పుడు భయంతో ఇస్తావు. ఇది నీ వంతు. నువ్వు ఇస్తానన్నా నేను తీసుకోగూడదు" అని బిందె ఆమె వైపే జరిపాడు. జీతగాడు అన్నీ చూస్తూ నిలబడ్డాడు.

రెండు రోజులకు నాయనమ్మ పోయింది. ఆ రోజు మా వంతుకొచ్చిన రెండు బిందెల్లో ఒకటి ఆమె చివరి స్నానానికి పోశారు. అన్నాళ్ళూ అడిగిన నీళ్ళు అప్పుడు పడ్డాయి ఆమె నెత్తిన. అరుగు మీద నుంచి కారిపోతున్న ఆ నీళ్ళను చూసి మా అమ్మ గోడకు తల కొట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు, ఒళ్ళంతా కోపమే.

పెద్దకర్మ అయిన మర్నాడు తాతయ్య మళ్ళీ అందర్నీ బావి దగ్గరకు రమ్మన్నాడు. ఈసారి ఆడవాళ్ళనూ రమ్మన్నాడు, పల్లెలో ఆడవాళ్ళను కూడా. జబ్బు మనిషి ఉన్న ఇంటికి ఇంకో బిందె ఇద్దాం, మీరంతా ఒప్పుకుంటేనే అన్నాడు. మా అమ్మ ఊరంతా చూస్తుండగా లేచింది.

"ఆ మాట అప్పుడు నోట్లోంచి రాలేదేంది మావయ్యా? ఇప్పుడెవరికి?"

తాతయ్య తల దించుకున్నాడు. "అప్పుడడిగితే అది నా పెళ్ళాం కోసం మార్చినట్టమ్మా. నా మొహం చూసి అందరూ సరే అనేవాళ్ళు. రేపు ఇంకో పెద్దమనిషి తనకోసం మారుస్తాడు. ఇప్పుడు ఇందులో నాకొచ్చేదేం లేదు, అందుకే అడగ్గలుగుతున్నా." ఆడవాళ్ళందరి వైపూ తిరిగి మళ్ళీ అన్నాడు. "కానీ తప్పు మొదటి రోజే జరిగింది. ఆ రోజు కూర్చున్నోళ్ళమంతా మగాళ్ళమే. నీళ్ళు మోసేది మీరు, జబ్బు మనిషి ఒళ్ళు తుడిచేది మీరు. మిమ్మల్ని ఒక్కళ్ళనన్నా పిలవలా. పిలిచుంటే ఈ ముక్క అప్పుడే చెప్పేవాళ్ళు. ఆమె బతికేది." అంటూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఆడవాళ్ళు మొదట గుసగుసగా, తర్వాత గట్టిగానే మాట్లాడారు. జబ్బు ఒక్కటే కాదు, బాలింత ఉన్న ఇల్లు కూడా అన్నారు. ఎవరికివ్వాలో ఒక్కరే తేల్చకూడదు, ఊళ్ళోంచి ఒకామె, పల్లెలోంచి ఒకామె చూసి చెప్పాలన్నారు. మోతుబరి కూడా సరే అన్నాడు. కాదనడానికి ఆయనకు దారి లేదు, తాతయ్య ఒక చుక్క కూడా ఎక్కువ ముట్టలేదు. కొత్త కట్టుబాటు ప్రకారం మొదటి అదనపు బిందె ఆ పల్లె బాలింత ఇంటికే వెళ్ళింది. ఆ పసిది బతికి బట్టకట్టింది. మా అమ్మ మాత్రం తాతయ్యకు కంచంలో అన్నం వడ్డించేది గానీ, చాలా ఏళ్ళు ఆయన మొహం చూసి మాట్లాడలేదు.

రాజ్యాంగం బలవంతుడి చేతులు కట్టడానికనీ, దాన్ని మార్చే దారి ఉండాలి గానీ ఆ దారి ఒక్కడి అవసరానికి తెరుచుకోకూడదనీ నేను బడిలో ఎంతమందికి చెప్పానో. పిల్లలు రాసుకునేవాళ్ళు, పరీక్షలో దించేసేవాళ్ళు. నేను మాత్రం ప్రవేశికలో 'ప్రజలమైన మేము' అనే చోటికి రాగానే పుస్తకం మూసేదాన్ని. మేము అంటే ఎవరెవరు, ఎవరిని పిలవడం మర్చిపోయారు అని పిల్లల్నే అడిగేదాన్ని. ఇప్పటికీ ఎక్కడ నలుగురు కూర్చుని పదిమంది కోసం ఏదన్నా తీర్మానిస్తున్నా నా కళ్ళు ముందు అక్కడ లేనివాళ్ళను వెతుకుతాయి. నోరు ఊరుకోదు, అడిగేస్తాను. ముసలిదానికి పనీపాటా లేదని నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

తాతయ్య చేసింది న్యాయమని నా బుద్ధికి తెలుసు. కానీ ఆ న్యాయం సంగతి మా నాయనమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా అర్థమయ్యే తెలివిలో లేదు. మొగుడు తనకు ఒక్క బిందె నీళ్ళు పోయించలేదనే అనుకుంటూ పోయింది.