జడలో ఇనుప ముక్క

పోయిన నెల కళ్లు తిరిగి పడబోతే మా అల్లుడు నన్ను కరీంనగర్‌లోనే మెదడు స్కానింగుకు తీసుకుపోయాడు. అక్కడి అమ్మాయి నగలు, పిన్నులు, పళ్ల సెట్టు, తాయెత్తులు అన్నీ పేరుపేరునా అడిగి, నన్ను మిషన్ మీద పడుకోబెట్టి, చేతిలో ఒక మెత్తటి రబ్బరు బంతి పెట్టి, భయమేస్తే నొక్కమని చెప్పి అద్దం అవతలికి వెళ్లిపోయింది. ఒకప్పుడు ఇదే ఊళ్లో నేనూ ఇదే పని చేసినదాన్నని ఆమెకు చెప్పలేదు. తాయెత్తుల సంగతి అడిగినందుకు మాత్రం మనసులోనే దీవించాను.

హుజూరాబాద్ నుంచి వచ్చి పదేళ్లు ఎక్స్‌రేలు తీశాక, తొంభైల చివర్లో మా సెంటరుకు అయస్కాంతంతో తల లోపలి బొమ్మ తీసే మిషన్ వచ్చింది. ఇప్పటిలా సొరంగం కాదది, పైనొక ఇనుప దిమ్మ, కిందొక దిమ్మ, మధ్యలో మనిషి పడుకునే చోటు. అయస్కాంతం బలం తల చుట్టూ అంతటా ఒకేలా ఉండాలి, లేకపోతే చదును చేయని మడిలో నీళ్లు ఒక మూలకే చేరినట్టు బొమ్మ ఒకవైపు నల్లబడి వంకరపోతుంది. దాన్ని సమం చేయడానికి బొంబాయి నుంచి వచ్చిన ఇంజనీరు వారం రోజులు కొలుస్తూ, గోరంత ఇనుప ముక్కలు ఒక్కొక్కటే అతికిస్తూ కూర్చున్నాడు. ఆ పైన ఒక్కో మనిషికీ మరికొంత సర్దుకోవడం నా వంతు. గది కాస్త వేడెక్కినా సమం చెడేది, అందుకే కరెంటు పోతే నాకు ఇంట్లో పిల్లలకంటే ముందు మిషనే గుర్తొచ్చేది.

అలా కరెంటు పోయి వచ్చిన ఒక ఉదయం, ఇచ్చోడ నుంచి ఒక తల్లి తన ఎనిమిదేళ్ల బిడ్డను తీసుకొచ్చింది. పిల్లకు మూర్ఛలు. తలలో గడ్డ ఉందేమోనని అక్కడి డాక్టరు అనుమానం. నగలేమైనా ఉన్నాయా అని రోజూ అడిగినట్టే అడిగాను, తల్లి పిల్ల కమ్మలు తీసి కొంగున కట్టుకుంది. మిషన్ మీద పడుకోగానే పిల్ల, "నా జడ ఎవరో గుంజుతున్రు" అంది. భయపడి అంటోందిలే అని నవ్వి, కదలకమ్మా అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఈనాటికీ సిగ్గేస్తుంది.

బొమ్మ వచ్చింది. కుడివైపు సగం నల్లగా, అంచులు వంగిపోయి ఉంది. గది వేడికే సమం చెడిందనుకుని, చల్లబడేదాకా ఆగి మళ్లీ సర్దాను, మళ్లీ తీశాను, అదే నలుపు. మధ్యాహ్నానికి నా తలప్రాణం తోకకొచ్చింది. మా డాక్టరుగారు ఇక హైదరాబాద్ పంపుదామన్నారు. ఆ మాట విని తల్లి కొంగు ముడిలోని కమ్మలు తడిమి చూసుకుంది. ఇక్కడిదాకా రావడానికే ఆమె ఎన్ని గడపలు తొక్కిందో ఆ ముఖంలోనే కనిపించింది. ఏమీ తోచక పిల్ల పక్కన కూర్చుని తల నిమిరాను. జడ మొదట్లో వేలికి ఏదో గట్టిగా తగిలింది.

మూర్ఛ వస్తే, ఇనుము తగిలితే ఆగుతుందని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మన తరం వాళ్లంతా చూసిందే. ఆ తల్లి ఒక్క అడుగు ముందుకు వేసి, చిన్న మేకు ముక్కను నల్లగుడ్డలో కుట్టి, జడలో కలిపి అల్లేసింది. దాచిందని కాదు, నేను నగలు అడిగాను, ఇనుము నగ కాదు కదా! గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నేనే. కానీ తీయమంటే ఆమె పిల్ల తలను రెండు చేతులా పట్టుకుంది.

"ఇది కట్టినంక నెల రోజులైంది, ఒక్కసారి రాలే అక్కా. తీస్తే మళ్ల వస్తదేమో."

ఆ నిమిషాన నా నోటికి వచ్చింది ఇదే. "గీ మిషన్ మొత్తం ఇనుమే చెల్లే. నీ బిడ్డ ఇనుము ఒళ్లెనే పండుకుంటది."

ఆమె కింది దిమ్మను అరచేత్తో తడిమి చూసింది. తర్వాత తానే జడ విప్పింది. ముక్కను బయట మా ఆయా చేతికిచ్చి వచ్చి, బొమ్మ తీసినంతసేపూ పిల్ల పాదాలు పట్టుకుని కూర్చుంది. ఈసారి బొమ్మ తేటగా వచ్చింది. గడ్డ లేదు, కందిగింజంత మచ్చ, మందులతో పోయేదేనన్నారు డాక్టరుగారు. తల్లి ఏడుస్తూనే ఆ మేకు ముక్క తెచ్చి నా ముందు పెట్టింది. మందులు ఒక్క పూటా మానొద్దని ఒట్టు వేయించుకుని, పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, దాన్ని జడలో పెట్టి నేనే అల్లాను. మా డాక్టరుగారు చూసి కూడా చూడనట్టే వెళ్లిపోయారు.

ఇప్పటి మిషన్ తనను తానే సమం చేసుకుంటుంది. నా తలకు సర్దుకోవడానికి దానికి నాలుగు ఊపిరులు కూడా పట్టలేదు. మంచిదే, ఇన్నాళ్లూ మేం కోరుకున్నది అదే. కానీ పాదాలు చల్లబడుతుంటే పట్టుకునేవాళ్లను లోపలికి రానివ్వరట. అద్దం అవతల ఆ అమ్మాయి తల వంచుకుని తన పని చేసుకుంటోంది. చేతిలో రబ్బరు బంతి ఉంది, నొక్కితే గంట మోగుతుందని తెలుసు. నొక్కలేదు. ఆనాడు ఆ తల్లి పిల్ల తలను పట్టుకున్నట్టే బంతిని రెండు చేతులా పట్టుకున్నాను, అంతే.