అనువాదకుడు చెడగొట్టిన నాలుగో పుస్తకం

వెండెల్ సలోకి పదకొండు నవలలు రాశాడు. అట్ట మీద ఒక్కదానికీ ఆయన పేరు లేదు. అక్కడ రాండల్ పెన్‌క్రాఫ్ట్ అని ఒక ఇంగ్లీషు దొర పేరు ఉంటుంది. లోపలి పేజీలో, భూతద్దం పెడితే గానీ కనపడనంత చిన్న అక్షరాల్లో, 'అనువాదం: వెండెల్ సలోకి' అని ఉంటుంది. ఆ దొర అనేవాడు భూమ్మీద పుట్టనే లేదు.

తొంభైల మొదట్లో సంగతి. టీవీలో 'తోకచుక్క దళం' అని విదేశీ సీరియల్ ఒకటి వచ్చేది. అంతరిక్షంలో ఓ ఓడ, అందులో కెప్టెన్, వారానికో గ్రహం, గ్రహానికో రాక్షసుడు. మంగళవారం సాయంత్రమైతే హంగేరీలో మా బాయా ఊరి వీధుల్లో కుక్క కూడా తిరిగేది కాదు. ఆ పాత్రలతో నవలలేస్తే పిచ్చిగా అమ్ముడుపోతాయని ఒక ప్రచురణకర్తకి తట్టింది. అప్పట్లో హైస్కూల్లో భూగోళం చెప్పుకునే వెండెల్‌ని పిలిచి, "అంతరిక్షంలో మన హంగేరీ వాడికేం పనయ్యా? నీ పేరు చూస్తే ఎవడు కొంటాడు? ఇంగ్లీషోడి పేరు పెడదాం, నువ్వు అనువాదం చేశానని చెప్పు" అన్నాడు. వెండెల్ సరేనన్నాడు. అంతటితో ఊరుకోక, వెనకట్ట మీదకి దొరగారి జీవితచరిత్ర కూడా అల్లాడు. నౌకాదళంలో రిటైరయ్యాడట, సముద్రం ఒడ్డున ఇల్లట, రెండు కుక్కలట. ఆ కుక్కలకి పేర్లు పెట్టడానికి పట్టినంత సేపు మొదటి నవల కథకి పట్టలేదని ఆయనే చెప్పుకుని నవ్వేవాడు.

పుస్తకాలు ఎలా ఉండేవంటారా? రెండోది ఫర్వాలేదు. మూడోది రైల్లో చదవొచ్చు, రైలు బాగా ఆలస్యమైతే. ఏడోది మాత్రం, అయ్య బాబోయ్, పరీక్ష పేపర్లు దిద్దుతూ మధ్యమధ్యలో రాశాడు. అందులో కెప్టెన్ నలభయ్యో పేజీలో చచ్చిపోయి తొంభయ్యో పేజీలో కూర్చుని కాఫీ తాగుతాడు. అదే సీరియల్ మీద వచ్చిన కామిక్కులకీ ఈయనే మాటలు రాశాడు. వాటికి బొమ్మలేసినాయన ఓడని చూసినవాడు కాదు, ట్రాక్టర్లు బ్రహ్మాండంగా వేసేవాడు. దాంతో అంతరిక్ష నౌకలన్నిటికీ మడ్‌గార్డులుండేవి.

పాఠకులేమో ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవారు. బాగున్న చోటల్లా 'పెన్‌క్రాఫ్ట్ మహానుభావుడు', బాగాలేని చోటల్లా 'ఈ అనువాదకుణ్ణి డాన్యూబ్ నదిలో ముంచాలి' అని. ఏడో పుస్తకంలో కెప్టెన్ లేచి కాఫీ తాగడం కూడా అనువాదకుడు మందు కొట్టి చేసిన ఘనకార్యమేనని తేల్చారు. పొగడ్తలు దొరకి, తిట్లు వెండెల్‌కి. ఆయన ఆ ఉత్తరాలన్నీ దాచుకున్నాడు. లేని మనిషిని చూసి అసూయపడిన మొనగాణ్ణి నేనొక్కణ్ణేనని స్నేహితుల దగ్గర అనేవాడు.

నాలుగోది వేరు. అది ఆయన ప్రాణం పెట్టి రాశాడు. ఓడలో వంటమనిషి డోరిస్ అని ఒకావిడ ఉంటుంది, నోరు పెద్దది. కెప్టెన్‌కి ఆవిడంటే ఇష్టం. రెండొందల పేజీలు రాక్షసులతో పోరాడతాడు గానీ ఆ ఒక్క ముక్క చెప్పలేకపోతాడు. చివరికి ఆవిడ ఓడ దిగిపోయాక ఖాళీ వంటగదిలో నిలబడి పొయ్యితో చెప్పుకుంటాడు. ఇది నాది అని ఒక్కసారి నలుగురి ముందూ అనాలని ముప్ఫై ఏళ్ళుగా వెండెల్‌కి కోరిక.

భార్య హెడ్విగ్ పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. మొదటి పుస్తకం అయిదు పేజీలు చదివి, "ఏమయ్యా, నీ రాక్షసులు కూడా స్టాఫ్ రూములో టీచర్లలాగే మాట్లాడుకుంటున్నారే" అని మూసేసింది. మళ్ళీ ఏదీ తెరిచిన పాపాన పోలేదు.

ఈ మే నెలలో సీరియల్ అభిమానులు మా ఊరి కళాభవనంలో సభ పెట్టుకున్నారు. నాలుగో పుస్తకం మళ్ళీ వేస్తామని బోగ్లార్కా అనే కుర్రపిల్ల ఫోన్ చేసింది. ఆ అమ్మాయికి సొంతంగా చిన్న ప్రచురణ సంస్థ ఉంది. వెండెల్ చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు. "నీ దొరగారి సంబరానికి నేనెందుకు?" అంటూనే హెడ్విగ్ కూడా బయల్దేరి, వెళ్ళి ఆఖరి వరసలో కూర్చుంది.

హాల్లో అరవై మంది దాకా ఉన్నారు, సగం మంది సీరియల్లో ఓడ సిబ్బందిలాగా వెండి రంగు బట్టల్లో. బోగ్లార్కా వేదిక మీద నాలుగో పుస్తకాన్ని ఆకాశానికెత్తింది. తర్వాత వెండెల్ వైపు తిరిగింది.

"బాబాయ్ గారూ, మీరేమీ అనుకోకూడదు. పుస్తకం ఆణిముత్యమే, అనువాదమే కొంచెం... అందుకని కొత్తగా చేయిస్తున్నాం. ఇంగ్లీషు మూలం ఎక్కడా దొరకలేదు. మీ దగ్గరుంటే ఇప్పిస్తారా?"

తనే రాశానని ఒప్పుకుంటే నాలుగోదానితో పాటు ఏడోది కూడా వెండెల్ మెడకి చుట్టుకుంటుంది. ఒప్పుకోకపోతే ఉన్న ఒక్క మంచి పుస్తకం ఇంకెవడి చేతికో పోతుంది. లేచి నిలబడ్డాడు.

"మూలం లేదమ్మా. పెన్‌క్రాఫ్టూ లేడు. అది నేనే రాశాను."

జనం గొల్లున నవ్వారు. వెండి బట్టల్లో ఉన్న లావాటాయన అరిచాడు.

"మరి ఏడోదెవరు రాశారండీ?"

"అదీ నేనే."

"అయితే నాలుగోది మీరు రాయలేదు! ఖాయం!"

చప్పట్లు మోగాయి. లాజిక్కు వెండెల్‌కే నచ్చింది, ఏం చేస్తాడు పాపం. బోగ్లార్కా జాలిగా చూసింది. "అంతకాలం ఒకే పుస్తకంతో గడిపితే సొంతదే అనిపిస్తుందిలెండి. అనువాదంలో మీరు ఎంత స్వేచ్ఛ తీసుకున్నారో నేను చదివి వినిపిస్తాను, చూడండి. కెప్టెన్ చేపల పులుసులో గరిటె పెట్టాడు. డోరిస్ అంటోంది: 'గరిటె తియ్యి! చచ్చిన చేపని మళ్ళీ చంపుతావా? కుండ పిడి పట్టుకుని తిప్పు. ఆ మాత్రం చేతకాకపోతే దేవుడు నీకు చేతులెందుకిచ్చాడు...'"

"...జేబుల్లో పెట్టుకోడానికా?" అని ఆఖరి వరసలోంచి హెడ్విగ్ పూర్తి చేసింది.

బోగ్లార్కా పుస్తకంలోకి చూసింది. అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. "మీరీ పుస్తకం చదివారా అమ్మా?"

"మొదటిదాంట్లో అయిదు పేజీలు చదివా, బుద్ధొచ్చింది. అది నా మాట! పెళ్ళైన కొత్తలో మా అమ్మ వంటింట్లో ఈ మనిషి పులుసులో గరిటె పెడితే నేను తిట్టిన తిట్టు. ఆ దొరెవడో మా వంటింట్లోకి ఎప్పుడు దూరాడంట?"

హాలు దద్దరిల్లింది. గరిటె పెట్టకుండా కుండ తిప్పి వండే మా బాయా చేపల పులుసు సంగతి ఇంగ్లీషోడికేం తెలుసని అప్పుడు తట్టింది అందరికీ. పుస్తకం అట్ట మీద వెండెల్ సలోకి అనే వేస్తానని బోగ్లార్కా అక్కడికక్కడే ప్రకటించింది. ఏడోది కూడా ఆయన పేరుతోనే వేసి తీరాలని లావాటాయన పట్టుబట్టాడు.

మర్నాడు ఆదివారం. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. హెడ్విగ్ కళ్ళజోడు పెట్టుకుని పొద్దుటి నుంచీ నాలుగో పుస్తకం చదువుతోంది. పులుసులోకని పక్క గిన్నెలో వేసిన నూడుల్స్ మెత్తబడి ముద్దైపోయినా లేవలేదు. వెండెల్ కుండ పిడి పట్టుకుని తిప్పుతూ నిలబడ్డాడు. పన్నెండింటికి ఆవిడ ఆఖరి పేజీ మూసింది.

"దీన్ని ఎంతమంది చదివుంటారు?"

"ఇరవై వేల మంది దాకా."

"అంటే నాకు తప్ప ఇరవై వేల మందికి చెప్పావన్నమాట. అదీ లేని దొర నోటితో."

"నీకు తెలుసనుకున్నానే."

"తెలుసులే. కానీ వినాలని ఉండేది నాకు." హెడ్విగ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇప్పుడు చెప్పు. డోరిస్‌కి కాదు, నాకు."

వెండెల్ కుండ వదిలి ఆవిడ వైపు తిరిగాడు. చెప్పాడు. వాక్యం సరిగ్గా రాలేదు, మధ్యలో తడబడ్డాడు, చెప్పిందే రెండుసార్లు చెప్పాడు. పదకొండు నవలలు రాసినవాడి మాటలా లేదు, మహా అయితే ఏడో పుస్తకం స్థాయిలో ఉంది. హెడ్విగ్ మళ్ళీ చెప్పమంది.